పదీ పన్నెండుకు ఏం జరిగింది?

"ఫోను మోగలేదు," అంది నర్సు.

పొద్దున్నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి. మొదటి మూడుసార్లు ఏడుస్తూ చెప్పిందట. నా ముందు కూర్చునేసరికి ఏడుపు అయిపోయింది. టేబుల్ మీద రెండు చేతులూ బోర్లా పెట్టుకుని, అవి తనవి కానట్టు చూస్తోంది. జాలిపడాల్సిన దృశ్యమే. నాకు జాలి కలగలేదు. చెప్పాల్సిన యంత్రం ఎందుకు చెప్పలేదో కనిపెట్టడం నా పని. పదకొండేళ్ళుగా అదే చేస్తున్నాను. ఆ మధ్యలో ఎక్కడో జాలి ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నాకే తెలీదు.

జరిగింది ఇదీ. తొమ్మిది రోజుల కిందట ఈ ఆసుపత్రి రెండో అంతస్తు వార్డులో ఒక దర్జీ చనిపోయాడు. కిడ్నీల జబ్బు మనిషి. ఆ ఉదయం తీసిన రక్తంలో పొటాషియం ఏడు దాటింది. అది ఏడు దాటితే గుండె ఏ క్షణాన్నయినా ఆగిపోవచ్చు. సమయానికి తెలిస్తే మాత్రం ఒక ఇంజెక్షనుతో మనిషిని నిలబెట్టవచ్చు. అందుకే ల్యాబు ఫలితం డేటాబేసులో పడగానే, వార్డు నర్సు జేబులోని ఫోను ఎర్రగా వెలిగి మోగేలా ఏర్పాటు చేశారు. "చూశాను" అని నొక్కేదాకా అయిదేసి నిమిషాలకు మోగుతూనే ఉంటుంది.

రికార్డు ప్రకారం ఫలితం పడింది పదీ పన్నెండుకు. గుండె ఆగింది పదకొండూ ముప్ఫై ఒకటికి. నర్సు "చూశాను" నొక్కింది పదకొండూ నలభై ఒకటికి. గంటకు పైగా ఫోను మొత్తుకుంటున్నా ఈవిడ పట్టించుకోలేదని నివేదిక. ఇప్పటికే సస్పెండ్ చేశారు. సాయంత్రం అయిదింటికి సూపరింటెండెంటు దాని మీద సంతకం పెడతారు. ఆ తర్వాత ఈవిడ లైసెన్సు ఉండదు, ఫైలు పోలీసులకు వెళ్ళిపోతుంది. అప్పటికి టైము రెండూ ఇరవై.

"పదకొండూ నలభైకి మీరెక్కడున్నారు?" అని అడిగాను.

"ఆయన ఛాతీ మీద. అంటే, నొక్కుతున్నాను. గుండె ఆగిపోయిందిగా."

"ఫోను?"

"జేబులో ఉంది. అప్పుడు మోగింది. చేతులు ఖాళీ లేవు. ఇంకో సిస్టర్ వచ్చి నా చోట నొక్కుతుంటే తీసి చూశాను. పొటాషియం ఏడూ పాయింటు ఒకటి అని ఉంది. అప్పుడు చూసి నేనేం చెయ్యాలి? చూశానని నొక్కాను."

"అంతకుముందు సైలెంట్‌లో ఉందేమో?"

"దానికి సైలెంట్ లేదు మేడమ్. స్నానాల గదిలో ఉన్నా వదలదు."

"పదీ పన్నెండు ప్రాంతంలో ఏం చేస్తున్నారు?"

"పదింబావుకి ఆయన బీపీ చూశాను. నా యూనిఫాం జేబు అంచు ఊడి వేలాడుతోంది. ఇంటికి వెళ్ళాక పంపమ్మా, కుట్టిపెడతానన్నారు." ఇది కూడా బీపీ అంకె చెప్పినట్టే చెప్పింది.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒక పెద్దావిడ తల లోపలికి పెట్టింది. నర్సు అత్తగారు. నన్ను పిలిపించిందీ, పొద్దున్నుంచి వరండాలో కాపలా కాస్తున్నదీ ఆవిడే.

"అమ్మాయ్, ఒక్క మాట. ఇంట్లో ఎవరి ఫోను మోగినా మా కోడలు ఉలిక్కిపడి లేస్తుంది. సెలవు రోజున కూడా. అది రాసుకో."

"అత్తయ్యా, మీరు కూర్చోండి," అంది నర్సు.

"కూర్చునే ఉన్నానే, మూడు గంటలుగా!" అని ఆవిడ తలుపు వేసింది.

అది సాక్ష్యం కిందకి రాదు. అయినా రాసుకున్నాను.

ఆ తలుపే మళ్ళీ తెరుచుకుంది. ఈసారి వచ్చింది ఇస్త్రీ. ఆ ఫోన్ల వ్యవస్థ తయారుచేసిన కంపెనీ తరఫున దర్యాప్తులు చేస్తాడు. ఎండలో మైలు నడిచొచ్చినా చొక్కా మీద ముడత కనబడదు. అందుకే మా రంగంలో అందరూ ఇస్త్రీ అంటారు, ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. మేమిద్దరం తలపడటం ఇది నాలుగోసారి. ఇంతవరకూ రెండుసార్లు ఆయన గెలిచాడు.

"మళ్ళీ మీరేనా మేడమ్! శ్రమ దేనికండీ, పొద్దున్నే అన్నీ తేల్చేశాంగా," అంటూ కుర్చీ లాక్కున్నాడు.

"మీ తేల్చడం చూద్దామనే వచ్చాను."

వేలితో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. డేటాబేసులో మార్పు కోసం చెవి ఒగ్గి కూర్చునే ప్రోగ్రాము ఆ రోజంతా బతికే ఉంది. దాని కనెక్షన్ తెగలేదు. ఆ ఉదయం వేరే వార్డులకు నలభై మూడు కబుర్లు వెళ్ళాయి, నలభై మూడూ మోగాయి. ఇందులో అబద్ధం లేదు. ఇలాంటి కేసుల్లో నేను మొదట చూసేవి అవే. కనెక్షన్ ఒక్క క్షణం తెగి మళ్ళీ కలిస్తే, "నేను వింటున్నాను" అని డేటాబేసుకు తిరిగి చెప్పడం మర్చిపోయే ప్రోగ్రాములు చాలా ఉంటాయి. పైకి బాగానే ఉన్నట్టుంటాయి, ఏమీ వినబడదు. పొద్దున ఆ దారిలోనే వెతికాను. ఇక్కడ ఆ తప్పు లేదు.

"మోగినట్టు రికార్డు ఉందా?" అడిగాను.

"బ్రహ్మాండంగా ఉంది." కాగితం నా వైపు తిప్పాడు. "కాకపోతే చివరిసారి మోగిన టైమే మిగులుతుంది. పాత టైము చెరిపి కొత్తది రాస్తాం. ఇదిగో, పదకొండూ నలభై. మొదటిది పదీ పన్నెండు, చివరిది పదకొండూ నలభై. మధ్యలో ఎన్నిసార్లు మొత్తుకుందో మీరే ఊహించుకోండి."

"ఊహించను. కూడతాను. పన్నెండు మీద మొదలై అయిదేసి నిమిషాలకు మోగితే, పదిహేడు, ఇరవై రెండు, ఇరవై ఏడు. అలా పోతే పదకొండూ ముప్ఫై ఏడుకు మోగాలి. ఆ తర్వాత నలభై రెండుకు. నలభైకి ఎలా మోగింది?"

ఇస్త్రీ కాగితం తనవైపు తిప్పుకున్నాడు.

"సర్వరు మీద పని ఎక్కువై రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అయుంటుంది."

"నలభై మూడు కబుర్లలో ఒక్కటైనా అటూ ఇటూ అయిందా?"

"మేడమ్, మూడు నిమిషాలు పట్టుకుని ఒక మనిషి ప్రాణం పోయిన కేసు లాగుతారా?"

"ఆ మూడు నిమిషాలు తప్ప నా చేతిలో ఇంకేం లేవు. అందుకే లాగుతున్నాను."

నర్సు అప్పుడు తల ఎత్తి మొదటిసారి నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉందో లేదో నాకు అర్థం కాలేదు. నేను లేచి ల్యాబుకు వెళ్ళాను.

నేను లోపలికి అడుగుపెట్టేసరికి మూడూ ఎనిమిది. గోడ పక్కన రక్తం పరీక్షించే మెషీను, దాని పక్కన చీటీలు ముద్రించే చిన్న ప్రింటరు, ఎదురుగా రెండు కంప్యూటర్లు. మొదటి దాని ముందు టెక్నీషియన్ కూర్చుని టైపు చేస్తున్నాడు. ఆ ల్యాబులో పనిచేసే అందరికీ పని నేర్పినవాడు కాబట్టి మాస్టారనే పిలుస్తారు. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. దాన్ని కిందికి దించి నన్ను చూశాడు.

"కూర్చోమ్మా. ఆ దర్జీ విషయమేగా?"

"మెషీను చెప్పింది కంప్యూటర్లోకి మీరెందుకు టైపు చేస్తున్నారు?"

"ఈ రెండిటికీ మాటల్లేవమ్మా. రెండు నెలలైంది. బాగుచేసేవాడు ఇదిగో వస్తా అదిగో వస్తా అంటున్నాడు. ఈలోగా చీటీ చూసి నేనే ఎక్కిస్తున్నా."

"ఒక్కొక్కటీనా?"

"ఒక్కొక్కదానికీ ఈ స్క్రీను తెరుస్తూ కూర్చుంటే నాకు తెల్లారిపోతుంది. తెరవడానికే ముప్పావు నిమిషం. అందుకని ఒక్కసారి తెరిచి, ట్రేలో ఉన్న ఇరవై గొట్టాలూ వరసగా ఎక్కించేస్తా." ఒక అంకె కొట్టి చూపించాడు. ఆ లైను పచ్చబడింది. "చూశావా? పచ్చబడితే ఎక్కినట్టు. ఇరవయ్యీ అయ్యాక కింద 'ముగించు' నొక్కి ఇంకో ట్రే తీస్తా."

"ప్రమాదం అంకె వస్తే వార్డుకు ఫోన్ చేస్తారా?"

"ఒకప్పుడు చేసేవాడిని. ఇప్పుడు వాళ్ళ జేబులోనే మోగుతుందిగా. వార్డు లైన్లు కూడా తీసేశారు."

దర్జీ రక్తం ఉన్న ట్రే తాలూకు కాగితాలు అడిగాను. మెషీను చీటీల నకలు తీసి ఇచ్చాడు. దర్జీది రెండో గొట్టం. చీటీ పదీ పదిహేనుకు పడింది. మధ్యలో మెషీను మొరాయించి గంటసేపు పని ఆగిందనీ, ఈలోగా వచ్చిన గొట్టాలు అదే ట్రేలో చేర్చాననీ చెప్పాడు. గొట్టాలు ల్యాబుకు చేరినప్పుడు వాటి మీది బార్‌కోడు స్టిక్కరు చదివించగానే టైము అచ్చయ్యే రిజిస్టరు ఇంకొకటి ఉంది. అందులో ఇరవై గొట్టాల టైములూ వేలు పెట్టి చదివాను. పక్కన డేటాబేసులోని ఫలితాల టైములు పెట్టుకున్నాను. ఇరవైకి ఇరవై, సెకన్లతో సహా ఒకటే టైము. పదీ పన్నెండు.

"మాస్టారూ, ఈ ఇరవయ్యో గొట్టం మీ దగ్గరికి ఎన్నింటికొచ్చింది?"

"అందులోనే ఉంటుంది చూడమ్మా. పదకొండూ అయిదు."

"దాని ఫలితం పదీ పన్నెండుకే వచ్చేసిందట. దర్జీది కూడా మీ చీటీ పడటానికి మూడు నిమిషాల ముందే వచ్చేసింది. రక్తం రాకముందే ఫలితం చెప్పే ల్యాబు నేనెక్కడా చూడలేదు."

మాస్టారు తెల్లమొహం వేశాడు. "నేనేం తప్పు చెయ్యలేదమ్మా," అన్నాడు. నేను చేశారని అనలేదు.

వెనక నుంచి చెయ్యి ఒకటి వచ్చి రిజిస్టరు అందుకుంది. ఇస్త్రీ ఎప్పుడొచ్చాడో చూసుకోలేదు. రెండు టైములూ చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఈ కంప్యూటర్‌ని ఇక ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. ఇది సాక్ష్యం," అన్నాడు. జేబులోంచి కాగితం పట్టీ తీసి కీబోర్డు మీద అడ్డంగా అంటించి దాని మీద సంతకం చేశాడు.

"సార్, నా ట్రే సగంలో ఉంది," అన్నాడు మాస్టారు.

"ఎక్కించినవి ఎక్కాయిగా?"

"ఆఁ, పదకొండు పచ్చబడ్డాయి. ఇంకా తొమ్మిది..."

"ఆ తొమ్మిదీ పక్క కంప్యూటర్లో ఎవరిచేతైనా ఎక్కించండి."

నేను అడ్డు చెప్పలేదు. నాకూ ఆ కంప్యూటరు ఉన్నది ఉన్నట్టు కావాలి. నా బుర్రలో అప్పుడున్నది ఒకటే: ఆ రోజు సర్వరు గడియారం వెనక్కి నడిచిందా? "మాస్టారూ, మీరు నాతో రండి. ఇదంతా సూపరింటెండెంటు గారి ముందు చెప్పాలి," అన్నాను. ఆయన మిగిలిన గొట్టాలు జూనియరుకు అప్పగించి, కోటు సర్దుకుని నా వెనకే వచ్చాడు.

మూడున్నరకు మీటింగు గదిలో అయిదుగురం అయ్యాం. సూపరింటెండెంటు తక్కువ మాటల మనిషి. రిజిస్టరు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీకేం కావాలి?" అన్నారు నాతో.

"ఆ ప్రోగ్రాము కోడు. ఫలితం రాసే చోట టైము ఎక్కణ్ణుంచి తీసుకుంటున్నారో చూడాలి."

"అది కంపెనీ రహస్యమండీ. బయటివాళ్ళకు చూపించం," అన్నాడు ఇస్త్రీ.

"చూపించకపోతే అయిదింటికి నేను సంతకం పెట్టను. మీ కంపెనీ మీద వేరే కాగితం రాస్తాను. చూపించండి," అన్నారు సూపరింటెండెంటు.

ఇస్త్రీ ముఖం మాడ్చుకుని లాప్‌టాప్ తెరిచాడు.

అరగంట పైన పట్టింది. నర్సు చేతులు అలాగే బోర్లా ఉన్నాయి. మాస్టారు రెండుసార్లు గడియారం చూశాడు. సర్వరు గడియారం సరిగ్గానే ఉంది, ఆ రోజూ సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఫలితం రాసే లైను దొరికింది. చాలా మామూలు లైను. నేను కూడా ఒకప్పుడు అలాంటివి రాశాను.

"దొరికింది," అన్నాను. "డేటాబేసును ఒక స్టోరు గది అనుకోండి. మాస్టారు ట్రే తెరవగానే దాని తలుపు తెరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే అది గడియారం చూస్తుంది, ఒక్కసారి మాత్రమే. తలుపు మూసేదాకా లోపల పెట్టే ప్రతిదాని మీదా ఆ మొదటి టైమే రాస్తుంది. గంట తర్వాత పెట్టినా అదే టైము."

"అంటే పదీ పన్నెండు..." అన్నారు సూపరింటెండెంటు.

"మాస్టారు ట్రే తెరిచిన టైము. ఫలితం వచ్చిన టైము కాదు. అసలు సంగతి అది కూడా కాదు. 'ముగించు' నొక్కేదాకా లోపల పెట్టింది బయట ఎవరికీ కనబడదు. కబురు చెప్పే ప్రోగ్రాముకూ కనబడదు. తలుపు మూశాకే కబురు బయటికొస్తుంది. మాస్టారూ, ఆ రోజు 'ముగించు' ఎన్నింటికి నొక్కారు?"

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "మెషీను బాగయ్యాక... పదకొండున్నర దాటింది. నలభై అయుంటుంది." ఆ తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. "పచ్చబడిందమ్మా. పచ్చబడితే వెళ్ళిపోయిందనుకున్నా."

"ఆ ఆకుపచ్చ మీ స్క్రీను వేసిన రంగు. అంకె సరిగా టైపు చేశారని చెబుతుంది, అంతే."

నర్సు చేతులు టేబుల్ మీంచి ఒళ్ళోకి జారాయి. "అయితే నిజంగానే మోగలేదు," అంది. తొమ్మిది రోజులుగా ఆ మాట తనకే అనుమానమైపోయిందని అప్పుడు తెలిసింది నాకు. సంతోషించాల్సిన చోటు అది. గెలిచానని తెలుస్తోంది గానీ, పక్కింటివాళ్ళ సంగతి విన్నట్టుంది.

ఇస్త్రీ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "వినడానికి బాగుంది మేడమ్. కానీ గంటన్నరసేపు తలుపు తెరిచి పెడితే డేటాబేసు ఊరుకుంటుందా? తనే తెంపేస్తుంది."

"గడువు పెడితే తెంపుతుంది. మీరు పెట్టలేదు."

"రుజువు చెయ్యండి."

"చేస్తాను. ఈ క్షణాన ఎవరెవరు తలుపు తెరిచి కూర్చున్నారో డేటాబేసును అడిగితే చెబుతుంది. ఎంతసేపటి నుంచో కూడా చెబుతుంది." లాప్‌టాప్ నా వైపు లాక్కుని అడిగాను.

జవాబు ఒకే ఒక్క లైను వచ్చింది. ల్యాబు, మొదటి కంప్యూటరు. తలుపు తెరిచింది రెండూ యాభై ఒకటికి. ఆఖరుసారి ఏదో రాసింది మూడూ తొమ్మిదికి. తర్వాత ఏమీ లేదు, మూయనూ లేదు. లోపల ఉన్నవి మాస్టారు ఎక్కించిన ఆ పదకొండే.

ఇస్త్రీ నా భుజం మీంచి చదివాడు. తన సంతకం ఉన్న కాగితం పట్టీ కళ్ళ ముందు మెదిలిందేమో, జేబులో మిగిలిన పట్టీల చుట్టను తడుముకున్నాడు.

"మాస్టారూ," అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది. "ఆ పదకొండులో ప్రమాదం అంకె ఏదైనా ఉందా?"

మాస్టారు కోటు జేబులో చెయ్యి పెట్టి చీటీలు తీశాడు. తొందరలో రెండు కింద పడ్డాయి. అయిదో చీటీ దగ్గర ఆగిపోయాడు. దాని మూల మెషీను వేసిన నక్షత్రం గుర్తుంది.

"పొటాషియం. ఏడూ పాయింటు రెండు," అన్నాడు. "పచ్చబడిందిగదా అని..."

"ఏ వార్డు?" ఆ అడిగింది నేను కాదు, నర్సు. ఎప్పుడు లేచి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"రెండో అంతస్తు. పదకొండో బెడ్డు."

చీటీ ఆయన చేతిలోంచి లాక్కుంది. కుర్చీ వెనక్కి పడింది. సస్పెండైన మనిషి వార్డులోకి వెళ్ళకూడదని ఆ గదిలో అందరికీ తెలుసు, ఒక్కరూ ఆపలేదు. వరండాలో అత్తగారు "ఎక్కడికే?" అని కేక పెట్టడం, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడ్డాయి. ఇస్త్రీ టేబుల్ మీది ఫోను ఎత్తి వార్డు నంబరు నొక్కాడు. "మా వ్యవస్థ వచ్చాక ఆ లైన్లు అక్కర్లేదని నేనే రాసిచ్చాను," అంటూ రిసీవరు చెవి నుంచి దించాడు. సూపరింటెండెంటు అప్పటికే తలుపు దాటారు.

కింద పడిన చీటీలు ఏరుతున్న మాస్టార్ని అడిగాను, ఆ నక్షత్రం చీటీ ఎన్నింటికి పడిందని.

"మూడూ నాలుగు."

అప్పుడు టైము నాలుగూ పదహారు. డెబ్బై రెండు నిమిషాలు. దర్జీ చీటీ పడ్డాక ఆయన గుండె డెబ్బై ఆరు నిమిషాలు కొట్టుకుంది. కీబోర్డు మీద పట్టీ అంటించింది ఇస్త్రీయే కావచ్చు. మాస్టార్ని ఆ కుర్చీలోంచి లేపి తీసుకొచ్చింది మాత్రం నేను. తీసుకొచ్చి, ఇక్కడ నలభై ఆరు నిమిషాలు కూర్చోబెట్టాను.

నేనూ మెట్ల వైపు పరిగెత్తాను.